మూడో వంతు మెట్టు

"మెట్టు" అన్న మాట ఫోన్లో వినపడేసరికి నా చేతిలో పప్పన్నం ముద్ద ఉంది. బాబు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ముద్ద వాడి పెదాల దగ్గరే ఆగిపోయింది.

"సున్నా పాయింట్ మూడు అని రాశావు కదమ్మా," అంటున్నారు అవతల మా సంస్థ పెద్దాయన. "అంటే ఐదు మెట్లలో మూడో వంతు మెట్టు కూడా దిగలేదు వాళ్ళ ఒంటరితనం. ఇంతోటి దానికి ప్రతి గురువారం అంత దూరం మనిషిని పంపడం దేనికి? ఆ కూటం ఆపేద్దాం అనుకుంటున్నాను."

ఆయన గొంతులో కోపం లేదు. ఎన్నాళ్ళ నుంచో తేలని విషయం ఒకటి తేలిపోయినట్టు నెమ్మదిగా అన్నారు. ఆ నెమ్మది విన్నాకే నాకు భయం వేసింది. కోపంగా ఉన్న మనిషికి ఏదో ఒకటి సర్దిచెప్పవచ్చు. అర్థమైపోయిందనుకున్న మనిషికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి?

"సార్, అది మెట్టు కాదండీ," అన్నాను.

"మరేంటమ్మా?"

బాబు నా వేలు కొరికాడు. ఆకలి వాడిది. కంచం ఒరిగి పప్పు నేల మీద పడింది. నేను "ఒక్క నిమిషం సార్" అనేలోపు ఆయనే అన్నారు: "సరే, పిల్లాడి సంగతి చూసుకో. సాయంత్రం లోపు ఒక్క ముక్కలో రాసి పంపు. రేపు కమిటీ ముందు పెట్టాలి. నాకు అర్థమయ్యేలా రాయి తల్లీ, నేను తెలుగు లెక్చరర్నే గానీ లెక్కల వాణ్ణి కాను."

నేను విజయనగరంలో ఒక ఇంటి పై వాటాలో ఉంటాను. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. పాప పుట్టాక కాలేజీలో ఉద్యోగం మానేశాను. బాబు పుట్టాక, ఇంటి దగ్గర నుంచే ఈ చిన్న సంస్థకి లెక్కలు చూసిపెడుతున్నాను. మా ఆయన గూడ్సు బండి నడుపుతారు. రాయగడ వైపు వెళ్ళారంటే ఎప్పుడు తిరిగొస్తారో ఆయనకే తెలియదు. పిల్లల్ని నేను ఎవరి దగ్గరా వదలను. రోడ్డు మీద హారన్ మోగితే బాబు ఎక్కడున్నాడో అని చుట్టూ చూస్తాను, వాడు నా ఒళ్ళోనే ఉన్నా.

సంస్థ వాళ్ళు భోగాపురం దాటాక సముద్రం వైపు ఉన్న ఒక ఊళ్ళో తల్లుల కూటం నడుపుతారు. కూటం అంటే అక్కడ పెద్దగా ఏమీ జరగదు. గురువారం మధ్యాహ్నం తుఫాను షెల్టరులో చాపలు పరుస్తారు. చంటిపిల్లల తల్లులు వచ్చి కూర్చుంటారు. ఒకరి తల ఒకరు దువ్వుకుంటారు, టీ తాగుతారు, మాట్లాడుకుంటారు. వాళ్ళ మగవాళ్ళు బోట్ల మీద పనికి గుజరాత్ వెళ్ళిపోతే నెలల తరబడి రారు. అక్కడి తల్లుల్నీ, కూటం లేని పక్క ఊరి తల్లుల్నీ అవే ప్రశ్నలు అడిగించి, కూటానికి వచ్చేవాళ్ళలో ఒంటరితనం ఏమైనా తక్కువగా ఉందా అని తేల్చమన్నారు నన్ను. ప్రతి ప్రశ్నకీ ఐదు జవాబులు: అసలు లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. ఒంటరితనాన్ని నేరుగా కొలవలేం కాబట్టి, ఆ జవాబులన్నిటి వెనకా ఉన్న కనిపించని ఒక కొలతని దేని మీద దేని ప్రభావమో బాణాలు గీసి లెక్కకట్టే స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడల్‌తో పట్టుకున్నాను. కూటం నుంచి ఆ కొలతకి గీసిన బాణం మీద వచ్చిన అంకె, మైనస్ సున్నా పాయింట్ మూడు. దాన్ని ఎలా చదవాలో కింద ఒక వాక్యం రాశాను కూడా. కింద రాసినవి ఎవరూ చదవరు.

నేల తుడిచి, బాబుని జోకొట్టి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక్క ముక్క. కాలేజీలో అయితే బోర్డు మీద సమీకరణం రాసి పక్కకి జరిగేదాన్ని. మొదట ఇలా రాశాను: "ఈ గుణకం లోపలి చరరాశి స్టాండర్డ్ డీవియేషన్లలో ఉంది." చదివి కొట్టేశాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మళ్ళీ మూడో వంతు మెట్టు దగ్గరికే వెళతారు.

పాపకి చెబుతున్నట్టు చెప్పుకుని చూశాను. మనిషి లోపలి ఒంటరితనాన్ని ఒక దారి అనుకుందాం. ఎవరు ఆ దారిలో ఎంత దూరం వెళ్ళారో మనకి కనపడదు. దారి పక్కన ఒక్కో ప్రశ్నకి నాలుగు రాళ్ళు పాతి ఉన్నాయి. మొదటి రాయి దాటనివాళ్ళు "అసలు లేదు" అంటారు. అది దాటితే "అరుదుగా". ఆఖరి రాయి కూడా దాటిపోయినవాళ్ళు "ఎల్లప్పుడూ". మనకి వినపడేది ఆ మాట ఒక్కటే. రాళ్ళ మధ్య దూరాలు సమానంగా ఉండాలని ఎక్కడా లేదు. రోడ్ల వాళ్ళు కొలిచి పాతిన కిలోమీటరు రాళ్ళు కావవి.

సున్నా పాయింట్ మూడు అనేది ఆ దారి మీద దూరం. తల్లులంతా దారి పొడుగునా ఎంత చెదిరి నిలబడ్డారో, ఆ చెదిరిన తీరుతో పోల్చి చెప్పిన దూరం. కూటానికి వచ్చే తల్లులు, కూటం లేని ఊరి తల్లుల కంటే సగటున అంత వెనక ఉన్నారు. అంతమాత్రాన ఏ తల్లీ మూడో వంతు మెట్టు దిగదు. రెండు రాళ్ళ నడుమ ఉన్నామె కొంచెం వెనక్కి జరిగినా మునుపటి మాటే చెబుతుంది. రాయికి ఆనుకుని నిలబడ్డామె అంతే దూరం జరిగితే చాలు, వేరే మాట చెబుతుంది. కాబట్టి ఆ అంకె ఎంతమంది మాటని మారుస్తుందన్నది, రాళ్ళు ఎక్కడ ఉన్నాయన్న దాని మీద ఉంటుంది.

ఇది బాగానే ఉందనిపించి, రాళ్ళు ఎక్కడున్నాయో చూడటానికి ఆ పట్టిక తెరిచాను. అంతకు ముందు కూడా చూశాను గానీ అప్పుడు అంకెల్లాగే చూశాను. మంచి సంగతులు అడిగిన ప్రశ్నలకి దారిని తిరగేసి చదవాలి. వాటన్నిటిలో ఆఖరి రాయి ఎక్కడో దూరంగా ఉంది. "నా పిల్లలతో సంతోషంగా ఉంటాను" అన్న ప్రశ్నకి "ఎల్లప్పుడూ" అన్నవాళ్ళు దాదాపు లేరు. చెడ్డ సంగతులు అడిగిన ప్రశ్నల్లో కూడా జనమంతా "అప్పుడప్పుడు" దగ్గరే కుప్పపడి ఉన్నారు.

ఎందుకో నాకు తెలుసు. ఒక్కసారి, సర్వే మొదలవకముందు ప్రశ్నలు సరిగా ఉన్నాయో లేవో చూడటానికి, బాబుని చంకన వేసుకుని ఆ ఊరు వెళ్ళాను. షెల్టరులో నేను మొదట అడిగిన తల్లిది నా వయసే. ఒళ్ళో నెలల పిల్ల.

"మీ పిల్లతో సంతోషంగా ఉంటారా? ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు..."

ఆమె నా నోరు మూసినంత పని చేసింది. "అలాగడక్కమ్మా. పిల్లకి దిష్టి తగుల్తాది."

"ఏదో ఒకటి చెప్పాలి మరి."

"అప్పుడప్పుడు అని రాసుకో."

పక్కన కూర్చుని ఆమె తలలో పేలు చూస్తున్న వదిన ఊరుకోలేదు. "ఏటే అప్పుడప్పుడు? రేతిరంతా దాన్ని ముద్దులెట్టుకుని నవ్వుతానే ఉంటావు. రాయమ్మా, ఎల్లప్పుడూ అని రాయి."

"నోర్ముయ్యొదినా. ముందు నీ కళ్ళే తగుల్తాయి దానికి."

"నా కళ్ళు నీ మొగుడి మీద పడనంత కాలం నీకేటీ బయం లేదులే."

చాపల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. తరవాతి ప్రశ్న, మాట్లాడటానికి ఎవరూ లేరనిపిస్తుందా అని.  ఈసారి పాయ తీస్తున్న వదిన చేతిలో దువ్వెన ఆగింది. ఆ తల్లి తన పిల్ల కాలికి ఉన్న నల్లతాడు సర్దుతూ, ఇందాకటి గొంతుతోనే, "అప్పుడప్పుడు" అంది. రెండింటికీ ఒకే గడిలో టిక్కు పెట్టాను. లేచేటప్పుడు ఆమే అంది, "ఈ లచ్చువారం వొకటి ఉంది గాబట్టి వారం తిరిగినట్టు తెలుస్తాదమ్మా నాకు. లేపోతే ఏ రోజో కూడా తెల్దు."

లక్ష్మివారం అంటే గురువారం, మావైపు. ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్నంతసేపూ నేను బాబు వైపు చూడలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఎవరెవరో ఎత్తుకుని తిప్పారు వాణ్ణి. మళ్ళీ వెళ్ళలేదు.

మాది చర్చికి వెళ్ళే ఇల్లు. దిష్టి నమ్మకూడదని సండే స్కూల్లోనే నేర్పారు. అయినా ఎవరైనా పాప బొద్దుగా ఉందంటే మా అమ్మ వెంటనే, "ఏం బొద్దండీ, నిన్నటిదాకా జ్వరం," అనేది, జ్వరం రాకపోయినా. అలాంటి చోట పెరిగిన మనుషులు మంచిని కొంచెం తగ్గించి చెబుతారు. చెడ్డని నలుగురిలో చెప్పుకోవడం నామోషీ కాబట్టి దాన్నీ తగ్గించి చెబుతారు. రెండూ వచ్చి ఆ నడిమి మాట దగ్గర పడతాయి. ఆ మాట కింద ఎంతెంత దూరాలు దాగున్నాయో ఐదు మెట్లు లెక్కపెట్టేవారికి కనపడవు.

ఇంతవరకూ రాసి ఆగాను. ఇప్పుడు పెద్దాయన అడగబోయే ప్రశ్న నాకు తెలుసు: అయితే ఇది ఎక్కువా, తక్కువా? "కూటం ప్రభావం చాలా పెద్దది" అని రాశాను. ఆ ముక్క చాలు, కూటం ఉంటుంది. మోడల్ తెరిచి చూసేవాళ్ళు ఆ సంస్థలో ఎవరూ లేరు. తెర మీద ఆ వాక్యాన్ని చూస్తూ కూర్చున్నాను. అది నిజమని నాకు తెలియదు. పైగా కూటానికి వచ్చేవాళ్ళు మొదటి నుంచీ కాస్త కలుపుగోలు మనుషులే కావచ్చు, ఆ తేడా కొంత వాళ్ళదే కావచ్చు. మోడల్లో ఉన్న ఆ బాణం నేను గీసిందే.

పాప బడి నుంచి వచ్చింది. ఇద్దరికీ పాలు ఇచ్చాను. అప్పుడు మా ఆయన డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్ నుంచి ఫోన్ చేశారు. నాకు మేనత్త కొడుకే, ఇప్పటికీ బావా అనే పిలుస్తాను.

"ఏటి సేస్తన్నావు?"

"ఒక వాక్యం రాస్తన్నాను. పొద్దున్నుంచీ."

సంగతి చెప్పాను. ఆయన ఏదో నములుతూ విన్నారు. "పెద్దదే అని రాసీ. ఎవుడు సూస్తాడు?"

"అలా రాయకూడదు బావా."

"అయితే సిన్నదని రాసీ."

"అదీ కాదు."

"ఏటే నీ సదువు. పెద్దదీ కాదు, సిన్నదీ కాదు. మా సిగ్నల్ ఇలాగుంటే బండి స్టేషన్‌లోనే ఉంటాది." నవ్వారు. తరవాత రోజూ అడిగేదే అడిగారు. "ఎలాగున్నావు?"

"పర్లేదు," అన్నాను.

"సరే మరి, తిని పడుకుంటాను. తెల్లారగట్ల డ్యూటీ."

ఫోన్ పెట్టేశాక పాల గ్లాసులు కడిగాను. పాప పుట్టిన కొత్తలో కూడా పర్లేదనే అన్నాను. బాబుకి నిమ్ము చేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడూ అదే అన్నాను. ఈ ఏడాది, పగలు పెద్దవాళ్ళెవరితోనూ మాట్లాడకుండానే పొద్దు గడిచిపోయే రోజులు ఎక్కువయ్యాయి. ఆ రోజుల్లోనూ అదే మాట. లోపల నేను ఎంత దూరం జరిగినా ఆయనకి వినపడే మాట మారలేదు. ఆయన తప్పేం లేదు. ఒకే ప్రశ్న, ఒకే జవాబు ఉంటే లోపలిది ఏ మోడల్‌కీ అందదు. నాలుగైదు ప్రశ్నలు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏదో కాస్త తెలుస్తుంది. తిన్నావా, నిద్ర పట్టిందా, ఇవాళ ఎవరితో మాట్లాడావు అని ఆయన అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్నో నాకే తెలియదు.

మళ్ళీ కూర్చుని, ప్రభావం పెద్దదన్న ఆ వాక్యం కొట్టేశాను. పెద్దాయనకే ఫోన్ చేశాను. రాళ్ళ దారి సంగతి మొదటి నుంచీ చెప్పాను. బాబు నా జుట్టు పట్టుకుని వేలాడుతున్నాడు. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

"అర్థమైంది," అన్నారు చివరికి. "అంటే నేను కొలబద్ద అనుకున్నది కొలబద్ద కాదు. బాగుంది. మరి ఇది ఎక్కువా, తక్కువా?"

"ఈ అంకె ఒక్కటే చూసి చెప్పలేను సార్. అలాగని ఏమీ లేదని మాత్రం దీన్ని చూపించి ఎవరూ అనకూడదు."

"కమిటీకి అలా చెబితే నవ్వుతారమ్మా."

"వాళ్ళు ఏ మాట ఎప్పుడు అంటారో తెలియాలి సార్. నెలకి ఒక రోజు ఏడ్చినామె అప్పుడప్పుడు అంటోందా, రోజూ ఏడ్చినామె అంటోందా? అది తెలిస్తే ఆ రాళ్ళు ఎక్కడ ఉన్నాయో తెలుస్తుంది. ఒక్కొక్కరినీ పక్కకి తీసుకెళ్ళి, తీరిగ్గా అడగాలి. దిష్టి భయం లేకుండా."

"ఎవరు అడుగుతారు? సర్వే చేసిన పిల్లలు పరీక్షలని వెళ్ళిపోయారు."

నేను బాబు పిడికిట్లోంచి జుట్టు విడిపించుకున్నాను. ఆయనే అన్నారు, "నువ్వు వెళతానంటే చెప్పు. నువ్వు తిరిగొచ్చి చెప్పేదాకా ఆ కాగితం కమిటీ ముందు పెట్టను. అప్పటిదాకా కూటం నడుస్తుంది. వెళ్ళలేనంటే ఏమీ అనుకోను తల్లీ. చిన్నపిల్లలు నీకు. కానీ అలాగైతే రేపు నేను ఏదో ఒకటి పెట్టాలి."

వంటింటి కిటికీలోంచి కింద వాటా గుమ్మం కనిపిస్తోంది. ఆ ఇంటి మామ్మగారు చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. మేం ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆవిడ రెండు మూడుసార్లు అన్నారు, ఎక్కడికైనా వెళ్ళాలంటే పిల్లల్ని నా దగ్గర వదలమని. నేను ప్రతిసారీ "పర్లేదండీ" అన్నాను. తరవాత ఆవిడ అనడం మానేశారు.

"వెళతాను సార్," అన్నాను. "రేపు గురువారమే కదా."

మెట్లు దిగి వెళ్ళి అడిగాను. ఎలా అడగాలో మెట్ల మీద అనుకున్నదంతా ఆవిడ ముందు మర్చిపోయాను. "మామ్మగారూ, రేపు పిల్లలు సాయంత్రం దాకా మీ దగ్గర ఉంటారా?" అనేశాను.

ఆవిడ చేట పక్కన పెట్టి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఇన్నాళ్ళకి అడిగావేటమ్మా? నేను నీకు పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్లా అవుపడ్డానేమో అనుకున్నాను."

"అదేం లేదండీ."

"పిల్లోడు ఏటి తింటాడు?"

చెప్పాను. చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. మజ్జిగ పడదని, పప్పు పల్చగా ఉండాలని, మధ్యాహ్నం పడుకునేటప్పుడు తల కుడివైపు తిప్పాలని, గేటుకి గొళ్ళెం రెండుసార్లు చూసుకోవాలని, దగ్గితే వెంటనే ఫోన్ చెయ్యాలని. ఆవిడ అన్నిటికీ తలూపి, "నేను నలుగుర్ని పెంచానమ్మా, అందరూ బతికే ఉన్నారు," అన్నారు.

పొద్దున్న పాపకి జడ వేస్తూ చెప్పాను. బాబు నా పక్కనే కూర్చుని రబ్బరు బ్యాండ్లు నోట్లో పెట్టుకుంటుంటే ఒక్కొక్కటే లాగుతున్నాను.

"ఈ రోజు నేను ఊరెళ్తాను. నువ్వు బడి నుంచి వచ్చి కింద మామ్మగారింట్లో ఉండు. తమ్ముడు పొద్దున్నుంచీ అక్కడే ఉంటాడు."

"ఏ ఊరు?"

"సముద్రం దగ్గర. అక్కడ కొంతమంది అమ్మలున్నారు. వాళ్ళు ఎలాగున్నారో కనుక్కోవాలి."

"ఫోన్ చెయ్యొచ్చు గదా."

"ఫోన్లో బాగున్నామనే చెప్తారు."

పాపకి వేరే దిగులు మొదలైంది. దానికి నా పోలికే. "బస్సు లేటైపోతే?"

కాదు, అవదు, చీకటి పడకముందే వచ్చేస్తాను అని చెప్పబోయాను. ఇంకో రోజైతే అదే చెప్పేదాన్ని. జడకి రిబ్బను ముడి వేసి దాన్ని నా వైపు తిప్పుకున్నాను.

"లేటవ్వొచ్చు," అన్నాను. "అయితే నీకు బయమేస్తాది. బస్సులో కూర్చుని నాకూ వేస్తాది. అప్పుడు నువ్వు ఊరికే కూర్చోకు. మామ్మగారి దగ్గరికెళ్ళి, నాకు బయమేస్తందండీ అని చెప్పు. ఎంత బయమేస్తందో అంతా చెప్పు."